సెయిల్‌బోట్‌కి ఇంట్లో చేసిన తెడ్ల డింగీ: టెండర్‌గా వాడే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

సియాటిల్ చుట్టుపక్కల ఉంటూ పాతికో ముప్ఫయ్యో అడుగుల పాత సెయిల్‌బోట్ కొనుక్కున్న మనవాళ్లలో కొందరు, చలికాలమంతా గరాజ్‌లో కూర్చుని ప్లైవుడ్, ఎపాక్సీ జిగురుతో ఎనిమిదడుగుల డింగీ, అంటే తెడ్లతో నడిపే చిన్న పడవ, కూడా చేసుకుంటున్నారు. రంగు వేసి, దగ్గర్లోని సరస్సులో ఓసారి తిప్పి చూశాక అందరూ ఒకటే అడుగుతున్నారు: "దీన్ని సెయిల్‌బోట్ వెనక కట్టుకుని శాన్ హువాన్ దీవులకి వెళ్లాలి. లంగరు వేసిన చోటు నుంచి ఒడ్డుకి, ఒడ్డు నుంచి పడవకి తిరగడానికి వాడుకోవాలి. ఏమేం చేయాలి?"

సరస్సులో సరదాగా తిప్పే డింగీ వేరు, పెద్ద పడవకీ ఒడ్డుకీ మధ్య తిరిగే టెండర్ వేరు. టెండర్ మనుషుల్నీ సామాన్నీ మోయాలి. పెద్ద పడవ పక్కన ఆనుకుని ఉండాలి. తాడు చివర మైళ్ల దూరం వెనకే రావాలి. గులకరాళ్ల మీదికి లాగినా తట్టుకోవాలి. వీటిలో ఏదీ కష్టం కాదు, కానీ ప్రతిదానికీ ముందుగా కొంత ఏర్పాటు కావాలి.

ఇంకో మాట. తెడ్లు వేస్తున్నప్పటికంటే, ఒక పడవలోంచి ఇంకో పడవలోకి అడుగు వేసే ఆ రెండు మూడు సెకన్లలోనే ప్రమాదం ఎక్కువ. అందుకే దిగువన 5వ భాగం అన్నింటికంటే పెద్దది. తొందరలో ఉంటే ముందు అదే చదవండి.

## 1. మీ డింగీ ఎంత మోస్తుందో తేల్చుకోండి

అమెరికన్ కోస్ట్ గార్డ్ వాడే తేలిక లెక్క ఒకటుంది. పడవ పొడవుని వెడల్పుతో గుణించి (అడుగుల్లో) 15తో భాగించండి. వచ్చిన సంఖ్యే మనుషుల సంఖ్య. మనిషి బరువు సగటున 150 పౌండ్లు, నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి అనుకుని వేసే లెక్క ఇది.

ఇళ్లలో ఎక్కువగా చేసుకునే ఈస్ట్‌పోర్ట్ ప్రామ్ అనే డింగీ డిజైన్‌నే తీసుకోండి. పొడవు 7 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 4 అడుగులు, బరువు సుమారు 62 పౌండ్లు. లెక్క వేస్తే 2 వస్తుంది. అంటే ఇద్దరు. ఇద్దరూ ఒక పసివాడూ కాదు, ఇద్దరూ నాలుగు సంచులూ కాదు. ఇద్దరు పెద్దవాళ్లు, చేతిసంచి, అంతే.

మీ ఇంట్లో నలుగురుంటే రెండు ట్రిప్పులు వేయాలని ముందే ఒప్పుకోండి. "దూరం కొంచెమేగా, అందరం ఒకేసారి వెళ్దాం" అనే మాట డింగీ దగ్గర పనికిరాదు.

కాగితం మీద లెక్క అయ్యాక నీళ్లలో చూడండి. లోతు తక్కువ ఉన్న చోట ఇద్దరు కూర్చుని, పక్క అంచు నీటికి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. అన్నిచోట్లా కనీసం 9–10 అంగుళాలు ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఆరు అంగుళాలే ఉంటే, ఫెర్రీ వెళ్లినప్పుడు వచ్చే అల ఒక్కటి చాలు లోపలికి నీళ్లు రావడానికి.

## 2. డింగీని టెండర్ పనికి సిద్ధం చేయడం

తేలే శక్తి. చెక్క తేలుతుంది కాబట్టి పడవ మునగదు అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మునగకపోవడం ఒక్కటే సరిపోదు. అంచుల దాకా నీళ్లు నిండిన పడవలో మీరు కూర్చుని ఉన్నా అంచులు నీటికి పైనే ఉండాలి. అప్పుడే బకెట్‌తో నీళ్లు తోడగలరు. అంచు నీటిమట్టానికి సమానంగా ఉంటే ఎంత తోడినా మళ్లీ నిండుతుంది.

ఒక ఘనపు అడుగు ఫోమ్ సుమారు 60 పౌండ్ల బరువుని తేలుస్తుంది. ఎనిమిదడుగుల డింగీకి మూడు నాలుగు ఘనపు అడుగులు పెట్టుకోండి. ముందు కొంత, వెనక కొంత, వీలైతే రెండు పక్కల బల్లల కింద కొంత. పక్కల్లో ఉన్న ఫోమ్ వల్ల నీళ్లు నిండినా పడవ ఒరిగిపోదు.

బల్లల కింద గాలి చొరబడని గదులు కట్టి ఉంటే మంచిదే, కానీ వాటినే నమ్ముకోవద్దు. ఎక్కడో సన్నటి పగులు ఉంటే ఆ గది మీకు తెలియకుండానే నిండుతుంది. గదుల లోపల మూత బిగించిన ఖాళీ రెండు లీటర్ల సోడా సీసాలు నింపండి. ఒక్కో సీసా దాదాపు రెండు కిలోలు తేలుస్తుంది, ఖర్చు లేదు.

తర్వాత పరీక్ష తప్పనిసరి. ఎండాకాలంలో లేక్ సమామిష్ లాంటి చోట నడుము లోతు నీళ్లలో పడవని పూర్తిగా నింపండి. లోపలికి ఎక్కి కూర్చోండి. బకెట్‌తో తోడి ఖాళీ చేయండి. అది అక్కడ చేయలేకపోతే చల్లటి సముద్రంలో అస్సలు చేయలేరు.

లాగే కొక్కెం. పడవ ముందు భాగంలో, నీటిమట్టానికి కాస్త పైన, ఎంత కిందికి వీలైతే అంత కింద ఒక స్టెయిన్‌లెస్ ఐబోల్ట్ (తలకి రింగు ఉన్న బోల్ట్) పెట్టండి. కింద కట్టి లాగితే ముక్కు పైకి లేస్తుంది. పై అంచు దగ్గర కట్టి లాగితే ముక్కు నీళ్లలోకి దిగుతుంది.

స్క్రూలు వద్దు. బోల్ట్ చెక్క గుండా లోపలికి వచ్చి, వెనక అరంగుళం మందం చెక్క పలక, వెడల్పాటి వాషర్, నట్ ఉండాలి. రంధ్రాన్ని ముందు పెద్దదిగా వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో బోల్ట్ సైజుకి మళ్లీ వేయండి. అప్పుడు ప్లైవుడ్ పొరల్లోకి నీరు వెళ్లదు. ఈ ఒక్క పని సరిగ్గా చేయకే చాలా డింగీల ముక్కులు రెండో సంవత్సరంలో కుళ్లుతాయి.

చుట్టూ మెత్త. పై అంచు పొడవునా కాన్వాస్ తొడిగిన రబ్బరు మెత్త గానీ, పాత ఫైర్ హోస్ గానీ బిగించండి. ముందు మూలలు, వెనక మూలలు మరీ ముఖ్యం. ఇది లేకపోతే మీ సెయిల్‌బోట్ పక్కన గీతలే గీతలు. పక్కవాళ్ల పడవకి తగిలితే గొడవ కూడా.

అడుగున పట్టీలు. ఇక్కడి ఒడ్డు మెత్తటి ఇసుక కాదు. బార్నకిల్స్ (రాళ్లకి అంటుకుని ఉండే పదునైన గుల్లలు), ఆలిచిప్పలు, పదునైన రాళ్లు. అడుగున పొడవుగా రెండు గట్టి చెక్క పట్టీలు వేసి, వాటిమీద ప్లాస్టిక్ పట్టీ బిగించండి. అరిగినప్పుడు మార్చుకోవచ్చు. అడుగు వెనక భాగంలో నిలువు పలక, అదే స్కెగ్, లేకపోతే అదీ పెట్టండి. అది లేని డింగీ తాడు చివర పాములా అటూ ఇటూ తిరుగుతూ వస్తుంది.

## 3. తెడ్లు, కూర్చునే చోటు

దుకాణంలో దొరికే అయిదడుగుల తెడ్లు కొనేసి "ఈ పడవ నడవట్లేదు" అనేవాళ్లు ఎక్కువ. పడవ తప్పు కాదు అది.

లెక్క ఇలా. తెడ్లు నిలిచే రెండు ఓర్‌లాక్‌ల మధ్య దూరాన్ని అంగుళాల్లో కొలవండి. దాన్ని సగం చేసి 2 కలపండి. వచ్చినదాన్ని 25తో గుణించి 7తో భాగించండి. 42 అంగుళాల దూరానికి 82 అంగుళాలు వస్తుంది, అంటే దాదాపు 7 అడుగుల తెడ్లు. 48 అంగుళాలకి 93 వస్తుంది. కానీ అంత పొడవు తెడ్లు ఎనిమిదడుగుల పడవలో సర్దడం ఇబ్బంది. టెండర్‌లో తెడ్లు పడవ లోపలే పడుకోవాలి. కాబట్టి 7 అడుగుల దగ్గర ఆగండి.

ఓర్‌లాక్ స్థానం: మీరు కూర్చునే బల్లకి పడవ వెనక వైపున్న అంచు నుంచి సుమారు 12 అంగుళాలు వెనక్కి, బల్ల కంటే 7 అంగుళాల ఎత్తున. ఎత్తు తక్కువైతే తెడ్డు పిడి తొడలకి తగులుతుంది.

ఇవి రెండు జతలు పెట్టండి. ఒక్కరే ఉన్నప్పుడు మధ్యలో, వెనక ఇంకొకరు కూర్చున్నప్పుడు కాస్త ముందు. రెండో జత సాకెట్లకి అయ్యే ఖర్చు తక్కువ, దానివల్ల వచ్చే సుఖం చాలా ఎక్కువ. పాదాలు తన్నిపెట్టుకోవడానికి నేల మీద అడ్డపట్టీ కూడా వేయండి. బలం చేతుల్లోంచి కాదు, కాళ్లలోంచి రావాలి.

ప్రతి ఓర్‌లాక్‌కీ సన్నటి తాడు కట్టి పడవకి ముడివేయండి. నీళ్లలో పడ్డ ఓర్‌లాక్ దొరకదు. ఒక్క తెడ్డుతో గుండ్రంగా తిరుగుతారు, అంతే.

## 4. పడవలో ఎప్పుడూ ఉండాల్సినవి

బయల్దేరేటప్పుడు వెతుక్కోకుండా ఒక చిన్న నీళ్లు దూరని సంచిలో సర్ది, దాన్ని పడవకే కట్టి ఉంచండి.

- ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్. వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం 19 అడుగుల లోపు పడవ కదులుతున్నప్పుడు 12 ఏళ్లు, ఆ లోపు పిల్లలు తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్లూ డింగీలో తొడుక్కునే ఉండాలని నా గట్టి మాట.
- నీళ్లు తోడటానికి పాల డబ్బా కోసి చేసిన చిప్ప, ఒక స్పాంజ్
- విజిల్
- తెల్లటి వెలుగిచ్చే వాటర్‌ప్రూఫ్ టార్చ్. చీకట్లో తెడ్ల పడవకి వేరే లైట్లు లేకపోతే ఢీకొనే ప్రమాదం రాకముందే చూపించేలా ఇది చేతికి అందుబాటులో ఉండాలని సముద్రయాన నిబంధన.
- మూడు నాలుగు పౌండ్ల మడత లంగరు, 50 అడుగుల తాడు
- చేతిలో పట్టే వీహెచ్ఎఫ్ (పడవల) రేడియో, అత్యవసర పిలుపుల ఛానల్ 16 మీద
- ఓర్‌లాక్ అక్కర్లేకుండా చేత్తోనే వేసే ఒక పొట్టి పాడిల్. తెడ్డు విరిగితే ఇదే దిక్కు.

పడవ లోపల మీ పెద్ద పడవ పేరు, ఫోన్ నంబర్ చెరగని ఇంకుతో రాసిపెట్టండి. ఖాళీ డింగీ కొట్టుకుపోతూ కనిపిస్తే మనిషి పడిపోయాడేమోనని కోస్ట్ గార్డ్ వెతుకుతుంది. నంబర్ ఉంటే ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది.

## 5. ఎక్కడం, దిగడం

### ఎక్కడ ఎక్కాలి

సెయిల్‌బోట్ మధ్య భాగం పక్కన ఎక్కండి. అక్కడ ఊపు తక్కువ. మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, పక్కల నుంచి పట్టి ఉంచే ఇనుప తీగలు చేతికి అందుతాయి. లైఫ్‌లైన్‌కి (డెక్ చుట్టూ ఉండే తీగల కంచెకి) గేటు ఉంటే తెరవండి, లేకపోతే నిచ్చెన అక్కడే వేలాడదీయండి.

వెనక వైపు తేలిగ్గా కనిపిస్తుంది, నీళ్లు నిశ్చలంగా ఉంటే తేలికే. అల ఉన్నప్పుడు మాత్రం పెద్ద పడవ వెనక భాగం పైకి లేచి కిందికి దిగుతుంది. దాని కింద డింగీ అంచు గానీ మీ చెయ్యి గానీ ఉండకూడదు.

### కట్టే విధానం

డింగీ ముందు తాడు పెద్ద పడవ ముందు వైపుకి, వెనక తాడు వెనక వైపుకి. రెండు తాళ్లూ కట్టాకే ఎవరైనా కదలాలి. ఒక్క తాడుతో ఉన్న డింగీ మీరు కాలు పెట్టగానే పక్కకి జారుకుంటుంది. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ, మధ్యలో నీళ్లు.

### దిగే వరస

1. తెడ్లు వేసే మనిషి ముందు దిగాలి. పెద్ద పడవని గట్టిగా పట్టుకుని, డింగీ నేల మధ్యలో అడుగు వేయాలి. అంచు మీద కాదు, బల్ల మీద కాదు.
2. అడుగు పడగానే మోకాళ్లు వంచి కూర్చోవాలి. నిలబడి సర్దుకోవడం ఉండదు.
3. కూర్చున్నాక డింగీని పెద్ద పడవకి దగ్గరగా పట్టుకోవాలి. వేళ్లు రెండు పడవల మధ్య కాదు, లోపలి వైపు ఉంచాలి.
4. అప్పుడు సామాను. సంచి చేత్తో పట్టుకుని ఎవరూ దిగొద్దు. తాడుకి కట్టి దించండి, లేదా కూర్చున్న మనిషికి అందించండి.
5. చివరగా రెండో మనిషి. వెనక బల్ల మధ్యలో కూర్చోవాలి.

ఎక్కేటప్పుడు ఇదే తిరగేయండి. మొదట రెండు తాళ్లూ కట్టాలి, తర్వాత వెనక కూర్చున్నవాళ్లు ఎక్కాలి, తర్వాత సామాను, తెడ్లు వేసిన మనిషి చివర.

అన్ని సందర్భాల్లోనూ మూడు ఆధారాలు ఉండాలి: రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చెయ్యీ. అల పైకి తెచ్చినప్పుడు, డింగీ ఎత్తు అందుకున్న క్షణంలో అడుగు వేయాలి. దూకడం మాత్రం ఎప్పుడూ కాదు.

### పిల్లలు

పెద్దమనిషి ముందు డింగీలో కూర్చుని ఉండాలి. పైనున్న మనిషి బిడ్డని లైఫ్ జాకెట్ భుజం పట్టీతో సహా పట్టుకుని అందించాలి. బిడ్డ బల్ల మీద కాకుండా నేల మీద కూర్చుంటే పడవ ఊగదు. "నాన్నా, నేను చెప్పేదాకా లేవొద్దు" అనే మాట డింగీ దగ్గరికి రాకముందే, ఇంట్లోనే రెండుసార్లు చెప్పాలి.

### ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న

ఎండాకాలంలో అమ్మానాన్న వస్తారు, దీవులు చూపించాలని మనకీ ఉంటుంది. చీర కుచ్చిళ్లు కాలికీ బల్లకీ మధ్య చిక్కుకుంటాయి, చెప్పులు తడి ప్లైవుడ్ మీద జారతాయి. అమ్మ సల్వార్, కాన్వాస్ బూట్లు వేసుకుంటానంటే సరే. చీరే కడతానంటే ఆవిణ్ణి బలవంతం చేయొద్దు. సెయిల్‌బోట్‌నే డాక్‌కి తెచ్చి, "అమ్మా, ఈ తీగ పట్టుకో, మెల్లగా రా" అని అక్కడ ఎక్కించండి. సూషియా దీవిలో ఫాసిల్ బే దగ్గర డాక్ ఉంది, అలాంటి చోట్లనే ఆ రోజుకి ఎంచుకోండి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి డింగీలోకి దిగడం కంటే డింగీలోంచి పైకి ఎక్కడం కష్టం. పొద్దున హాయిగా దిగిన మనిషి సాయంత్రం అలిసిపోయి ఎక్కలేకపోవచ్చు. తీసుకెళ్లే ముందే ఆ సాయంత్రం గురించి ఆలోచించండి.

## 6. బరువు సర్దడం

డింగీ ముందుకీ వెనక్కీ, పక్కలకీ సమంగా ఉండాలి. వెనక ఒకరు కూర్చుని, మీరు మధ్యలోనే ఉంటే వెనక భాగం నీళ్లలో దిగిపోయి, పడవ నీటిని ఈడుస్తుంది. ఎంత లాగినా కదలదు. ముందు ఓర్‌లాక్‌లకి మారండి.

అయిదు గ్యాలన్ల నీళ్ల డబ్బా 42 పౌండ్లు ఉంటుంది. దాన్ని నేల మీద, మీ పాదాల దగ్గర, దొర్లకుండా తాడు కట్టి పెట్టండి. బల్ల మీద పెట్టొద్దు. బియ్యం మూట, ఐస్ బాక్స్ అన్నీ అంతే: కిందనే, మధ్యలోనే.

ఒక్కరే వెళ్తూ ముందు భాగం గాల్లోకి లేస్తుంటే, ఒక నీళ్ల డబ్బాని ముందు పెట్టండి. గాలికి ముక్కు కొట్టుకుపోకుండా ఉంటుంది.

## 7. తెడ్లు వేయడం, గాలి, ప్రవాహం

ఇద్దరితో ఎనిమిదడుగుల డింగీ నిశ్చలమైన నీళ్లలో గంటకి రెండు, రెండున్నర నాటికల్ మైళ్లు పోతుంది. ఇదే మీ అసలు హద్దు. దీవుల మధ్య ఇరుకుల్లో ప్రవాహం అంతకంటే ఎక్కువ ఉంటుంది. డిసెప్షన్ పాస్‌లో ఎనిమిది నాట్ల దాకా, అంటే గంటకి ఎనిమిది నాటికల్ మైళ్ల దాకా, వస్తుంది. కాబట్టి డింగీ బే లోపలే తిరగాలి, ఇరుకులు దాటడానికి కాదు.

వెళ్లేముందు ఒక పరీక్ష చేయండి. పొడవాటి తాడు సెయిల్‌బోట్‌కి కట్టే ఉంచి, గాలికి ఎదురుగా పది తెడ్లు వేయండి. పడవ ముందుకి పోవడం కనిపించకపోతే ఈరోజుకి పడవలోనే ఉండండి. ఒడ్డు మీదుగా బయటికి వీచే గాలి మరీ మోసం చేస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా ఉంటాయి, కొంచెం బయటికి వస్తే వెనక్కి రాలేరు.

తెడ్డు రెక్క నీళ్లలో పూర్తిగా మునిగితే చాలు, లోతుకి తవ్వొద్దు. గాలిలో పొట్టిగా, వేగంగా వేయండి. వెనక్కి తెచ్చేటప్పుడు రెక్కని అడ్డంగా తిప్పితే గాలి పట్టదు.

మీరు వెనక్కి తిరిగి కూర్చుంటారు కాబట్టి, వెనక కనిపించే రెండు గుర్తులు ఒకే వరసలో పెట్టుకోండి. ఒడ్డున ఒక చెట్టు, దాని వెనక కొండ శిఖరం. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నంతసేపూ మీరు తిన్నగా పోతున్నట్టే. విడిపోతే ప్రవాహం పక్కకి నెడుతోందని అర్థం, ముక్కుని ప్రవాహం వచ్చే వైపు తిప్పి సరిచేయండి. నాలుగైదు తెడ్లకోసారి భుజం మీదుగా చూడటం మాత్రం మానొద్దు.

పెద్ద పడవ దగ్గరికి వచ్చేటప్పుడు దాని వెనక నుంచి, దాని పక్కకి సమాంతరంగా రండి. లంగరు మీదున్న పడవ ముక్కు గాలి, ప్రవాహం వస్తున్న వైపే తిరిగి ఉంటుంది. మీరూ అదే వైపు ముక్కు పెట్టి వస్తే చివర్లో తెడ్లు ఆపగానే డింగీ దానంతటదే నెమ్మదిస్తుంది. ఒక పడవ పొడవు దూరంలో ఉండగానే ఆ వైపు తెడ్డు లోపలికి తీసుకోండి.

## 8. ఒడ్డు, పోటు

విశాఖ తీరంలో పోటుకీ ఆటుకీ మధ్య సాధారణంగా అయిదడుగుల లోపు తేడా చూసి పెరిగినవాళ్లకి ఇది కొత్త. సియాటిల్ దగ్గర రోజులో అతి ఎక్కువ, అతి తక్కువ నీటిమట్టాల మధ్య సగటున 11 అడుగుల పైచిలుకు తేడా ఉంటుంది. శాన్ హువాన్ దీవుల్లో అంతకంటే తక్కువే, అయినా మన లెక్కలో ఎక్కువే.

నీళ్లు సమానంగా పెరగవు, మధ్య గంటల్లో వేగం ఎక్కువ. 11 అడుగుల పోటులో ఒక గంటలోనే రెండున్నర అడుగులు పెరగొచ్చు. పదడుగులకి ఒక అడుగు వాలు ఉన్న ఒడ్డు మీద అది పాతిక అడుగుల మేర ముందుకి రావడం. మీరు కొండెక్కి ఫొటోలు తీసుకుని వచ్చేసరికి డింగీ తేలుతూ ఉంటుంది.

- దిగేముందు ఆ రోజు పోటు పట్టిక చూడండి: నీళ్లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా, ఎప్పటిదాకా?
- పెరుగుతుంటే: కొట్టుకొచ్చిన నాచు గీతకి పైదాకా మోసుకెళ్లి, తాడుని పెద్ద రాయికో నిలబడి ఉన్న చెట్టుకో కట్టండి. ఒడ్డున పడి ఉన్న దుంగకి కట్టొద్దు, పెద్ద పోటుకి దుంగలూ తేలతాయి.
- తగ్గుతుంటే: ఎక్కువసేపు ఉండొద్దు, లేదా బార్నకిల్స్ మీద అరవై పౌండ్ల పడవ మోయడానికి ఇద్దరున్నారో లేదో చూసుకోండి.
- చిన్న అల ఉన్నా సరే, డింగీకీ ఒడ్డుకీ మధ్య నిలబడొద్దు. అల పడవని మీ మోకాళ్ల మీదికి తోస్తుంది. పక్కన నిలబడండి.

## 9. వెనక కట్టుకుని వెళ్లడం

డింగీని ఖాళీ చేయడం మొదటి పని. తెడ్లు, సంచి, లంగరు, అన్నీ పెద్ద పడవలోకి. లోపలి నీళ్లు స్పాంజ్‌తో తీసేయండి.

తాడు నీళ్లలో తేలే రకం కావాలి, 30–40 అడుగులు. మునిగే నైలాన్ తాడు ఇంజిన్ వెనక్కి వేసినప్పుడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ ఎండకి పెళుసుబారుతుంది, పోగులు లేవడం మొదలైతే మార్చేయండి. వీలైతే రెండో తాడు కూడా వదులుగా కట్టి ఉంచండి, వేరే కొక్కేనికి. మొదటిది తెగితే డింగీ పోదు.

పెద్ద పడవ వెనక రెండు మూడు అలలు ఏర్పడతాయి. డింగీ ముక్కు కాస్త పైకి లేచి, తాడు మీద లాగుడు అన్నిటికంటే తక్కువగా ఉండే చోటు దొరికేదాకా తాడు వదులుతూ, లాగుతూ చూడండి. తాడుని చేత్తో పట్టుకుంటే తేడా తెలుస్తుంది. వేగం మారితే మళ్లీ సరిచేయాలి. వెనక నుంచి అలలు వస్తుంటే తాడు ఇంకా వదలండి, లేకపోతే డింగీ జారుకుంటూ వచ్చి వెనక భాగాన్ని గుద్దుతుంది.

మరీనాలోకి వచ్చేటప్పుడు, లంగరు వేసేటప్పుడు తాడుని పూర్తిగా లాగి దగ్గరగా కట్టండి. ఇది ఎవరు చేయాలో ముందే చెప్పి ఉంచండి.

గాలి 20 నాట్లు దాటుతుందంటే వెనక కట్టుకుని పోవద్దు. డింగీని హాల్యార్డ్‌తో (తెరచాపని పైకి లాగే తాడుతో) ఎత్తి, ముందు డెక్ మీద బోర్లా పెట్టి, రెండు అడ్డ తాళ్లతో బిగించండి. మీ డెక్ మీద అది పట్టేంత చోటు ఉందో లేదో డింగీ తయారీ మొదలుపెట్టకముందే టేపుతో కొలవాల్సిన విషయం. చోటు లేకపోతే రెండు ముక్కలుగా విడదీసి ఒకదాంట్లో ఒకటి పెట్టే డింగీ డిజైన్లు ఉన్నాయి. పోర్ట్ టౌన్‌సెండ్‌లో డిజైన్ చేసిన పీటీ11 అలాంటిదే.

## 10. రాత్రి, వాన

ఎనిమిదడుగుల డింగీలో అంగుళం వాన పడితే దాదాపు 130 పౌండ్ల నీళ్లు చేరతాయి. అంటే ఇంకో మనిషి కూర్చున్నట్టే. వాన సూచన ఉంటే హాల్యార్డ్‌కి మూడు తాళ్లు కట్టి, డింగీని పక్కన నీళ్లకి పైన వేలాడదీయండి. కాస్త వెనక్కి వాల్చి, అడుగున డ్రెయిన్ బిరడా ఉంటే తీసేయండి.

నీళ్లలోనే ఉంచితే, గాలి ఒకవైపు ప్రవాహం ఇంకోవైపు ఉన్నప్పుడు డింగీ రాత్రంతా పెద్ద పడవని కొడుతూనే ఉంటుంది. డింగీ వెనక నుంచి ఒక బకెట్ నీళ్లలోకి వేలాడదీయండి. ప్రవాహం బకెట్‌ని పట్టి డింగీని దూరంగా లాగుతుంది, నిద్ర పడుతుంది.

## 11. నీళ్లలో పడితే

సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ నీళ్లు ఎండాకాలంలోనూ చాలాచోట్ల 55 ఫారన్‌హీట్ దరిదాపుల్లోనే ఉంటాయి. మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన 1-10-1 లెక్క అందరూ గుర్తుపెట్టుకోవాలి. అతి చల్లటి నీళ్లలో ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు సరిగ్గా పనిచేసేది 10 నిమిషాలు, స్పృహ తప్పేలోపు దాదాపు 1 గంట.

1. మొదటి నిమిషం ఏమీ చేయొద్దు. పడవ పట్టుకుని ఊపిరి మీదే దృష్టి పెట్టండి. లైఫ్ జాకెట్ ఉండాల్సింది ఈ నిమిషం కోసమే.
2. పడవని వదలొద్దు. ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈత మొదలుపెట్టొద్దు.
3. విజిల్, రేడియో.
4. వెనక పలక (డింగీ వెనక గోడ) మీదుగా ఎక్కండి, పక్క నుంచి ఎక్కితే మళ్లీ బోల్తా పడుతుంది. వెనక పలకకి ముందే ఒక తాడు ఉచ్చు వేలాడదీసి ఉంటే అందులో కాలు పెట్టి ఎక్కొచ్చు. ఇంకొకరు ముందు భాగాన్ని పట్టి ఉంచాలి.
5. ఎక్కగానే నీళ్లు తోడండి, కూర్చునే.

## 12. తరచూ వచ్చే ఇబ్బందులు, సరిచేసే దారి

పడవ ఒకవైపే తిరుగుతోంది. స్కెగ్ చిన్నది, లేదా బరువు ఒక పక్కకి ఉంది. ముందు బరువు సర్ది చూడండి.

చేతులకి బొబ్బలు. పిడిని బిగించి పట్టుకుంటున్నారు. వేళ్లతో కొక్కెంలా పట్టుకుని లాగండి. పిడి మీద వార్నిష్ ఉంటే గీకేసి, నూనె పట్టించిన ఉత్త చెక్కని వదిలేయండి.

తెడ్డు ఓర్‌లాక్‌లోంచి జారిపోతోంది. తెడ్డుకి తోలు చుట్టి, దాని చివర ఉబ్బుగా ఒక పట్టీ వేయండి.

అడుగున రంగు లేచి చెక్క కనిపిస్తోంది. తడి ఆరేదాకా ఆగి, గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ పూసి, పైన రంగు వేయండి. ఎపాక్సీ ఒక్కటే ఎండకి పాడవుతుంది, దానిమీద రంగో వార్నిషో ఉండాల్సిందే. ప్రయాణంలో ఉంటే ఆరాక గట్టి టేపు అంటించి ఇంటికి తెచ్చుకోండి.

బల్ల కింద గదిలో నీళ్ల చప్పుడు. మూత తీసి ఆరబెట్టండి. లోపల టార్చ్ వెలిగించి చీకట్లో బయట నుంచి చూస్తే సన్నటి పగులు చాలాసార్లు కనిపిస్తుంది. చలికాలమంతా మూతలు తీసే ఉంచి, పడవని బోర్లించి, కింద రెండు చెక్క ముక్కలు పెట్టి గాలి ఆడేలా దాచండి.